కడప నుంచి మహాబలిపురం: రాళ్లు, అలలు, మూడు పగళ్లకు సమగ్ర మార్గదర్శి

ఊరికే సముద్రం చూడాలంటే కడప వాళ్లకు నెల్లూరు వైపు మైపాడు దగ్గర. అలలతో పాటు పదమూడు వందల ఏళ్ల నాటి రాతిపని కూడా ఒకేచోట కావాలంటే మాత్రం మహాబలిపురం పోవాల్సిందే. మనవాళ్లు ఎక్కువమంది తిరుపతి దర్శనమో, చెన్నైలో ఆసుపత్రి పనో అయ్యాక మిగిలిన పూటలో ఈ ఊరిని ఇరికిస్తారు. మిట్టమధ్యాహ్నం దిగి, కాలే రాళ్ల మీద పరుగులాంటి నడక నడిచి, చీకటి పడే వేళకు పిల్లల్ని అలల్లోకి వదులుతారు. ఆ రెండూ తప్పే. ఇక్కడ ఏది ఎప్పుడు చూడాలో పొద్దును బట్టి ఉంటుంది, ఎక్కడ దిగాలో ఎక్కడ దిగకూడదో సముద్రాన్ని బట్టి ఉంటుంది. రెండు రాత్రులు, మూడు పగళ్లు చేతిలో ఉన్నాయనుకుని కింది క్రమం రాశాం.

కాలం ఎంచుకోవడం

జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికన్నా మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి, వాయుగుండాలూ అప్పుడే వస్తాయి. ఆ నెలల్లో గది బుక్ చేసుకుంటే డబ్బు వాపసు వచ్చే పద్ధతిలోనే చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన కడప ఎండకు అలవాటుపడ్డవాళ్లు 'అక్కడ మనకన్నా తక్కువేలే' అనుకుని పోతారు. అంకె తక్కువే, ఉక్కపోత ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు తొందరగా డస్సిపోతుంది.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. చేపల కోసమే పోయేవాళ్లు ఆ రెండు నెలలూ మానుకోవడం మంచిది. వారాల్లో శని, ఆదివారాలు చెన్నై జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది, కాబట్టి సోమవారం మధ్యాహ్నం చేరి బుధవారం తిరిగొచ్చేలా వేసుకుంటే గది ధరా తగ్గుతుంది, దారీ ఖాళీగా ఉంటుంది. అయితే ఆ మధ్యలోనే మొసళ్ల పార్కుకు సోమవారం, దక్షిణచిత్రకు (దక్షిణాది పాతకాలపు ఇళ్ల ప్రదర్శనశాల) మంగళవారం సెలవు. ఆ రెండింటి కోసం కింద బుధవారం ఉంచాం.

దారి

సొంత కారులో అయితే కడప, ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు. ఇదంతా ఒకే 716వ నంబరు జాతీయ రహదారి. తిరువళ్లూరు దాటాక నేరుగా చెన్నై ఊళ్లోకి పోతే రెండు గంటలు ట్రాఫిక్‌లో పోతాయి. అలా పోకుండా నెమిలిచ్చేరి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి దక్షిణంగా వండలూరు దాకా రండి. అక్కడ జి.ఎస్.టి. రోడ్డు (చెన్నై నుంచి తిరుచ్చి పోయే హైవే) దాటి కేళంబాక్కం రోడ్డు, కేళంబాక్కంలో కుడికి తిరిగి ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు), తిరుప్పోరూరు మీదుగా పూంజేరి. అక్కడి నుంచి మహాబలిపురం ఆనుకునే ఉంటుంది. మొత్తం దాదాపు 300 కిలోమీటర్లు, ఆగుళ్లతో కలిపి ఏడు గంటలు వేసుకోండి.

దారిలో జాగ్రత్తపడాల్సింది కోడూరు, రేణిగుంట మధ్య అడవి. శెట్టిగుంట నుంచి మామండూరు దాకా మలుపులు, లారీలు, రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు. తెల్లవారుజామున నాలుగుకు కడపలో బయలుదేరితే ఈ ముక్క తెల్లారే వేళకు వస్తుంది. రాత్రి రెండుకు బయలుదేరితే నిద్రమత్తులో, చిమ్మచీకట్లో వస్తుంది. గంట ముందు చేరాలన్న ఆశకు ఆ రెండోది ఎంచుకోకండి. ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి.

రైలైతే ఇంకా సుఖం. ముంబై-చెన్నై లైను మీద ఉన్నందువల్ల కడప నుంచి చెన్నై సెంట్రల్‌కు రాత్రి బండ్లు దొరుకుతాయి. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కడ చెంగల్పట్టు లోకల్ ఎక్కండి. సుమారు గంటన్నర. చెంగల్పట్టు నుంచి తిరుక్కళుక్కుండ్రం మీదుగా మహాబలిపురానికి బస్సులు ఉంటాయి, దూరం 30 కిలోమీటర్లు. తిరుక్కళుక్కుండ్రం అంటే మన పెద్దవాళ్లు చెప్పే పక్షితీర్థమే. రోజూ మధ్యాహ్నం ప్రసాదానికి దిగొచ్చే రెండు గద్దలు ఇప్పుడు రావడం లేదు, కొండ మీద వేదగిరీశ్వరుడి గుడి మాత్రం ఉంది. మెట్లు అయిదు వందలు దాటుతాయి. మోకాళ్లు బాగున్నవాళ్లే అక్కడ బస్సు దిగండి, అదీ ఉదయం.

వెంట ఏం ఉండాలి

వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు (హవాయి చెప్పులు గ్రానైట్ మీద జారతాయి, ఇసుకలో ఊడిపోతాయి), టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఫోన్లకు జిప్ కవరు, పిల్లలకు పొడుగు చేతుల పాత టీషర్టు. వేయించిన చెనిక్కాయలు, బొరుగులు దారికి చాలు. ఓళిగలు ఒకరోజుకు మించి ఆ ఉక్కలో నిలవవు. ఒక చిన్న టార్చి తప్పకుండా పెట్టుకోండి, గుహల లోపలి శిల్పాలకు అది లేకపోతే సగం కనపడదు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, పురావస్తు శాఖ కట్టడాల దగ్గర దాన్ని ఎగరనివ్వరు.

మొదటి సాయంత్రం: కొండ

గదిలో సామాను పెట్టి, భోంచేసి, మూడున్నరకు బయటపడండి. కొండంతా చెట్లే, ఎండ దిగుతూ ఉంటుంది. బస్టాండు నుంచి నడకే. పిల్లలు ఎలాగూ ముందు కృష్ణుడి వెన్నముద్ద దగ్గరికే పరిగెత్తుతారు కనుక అక్కడే మొదలుపెట్టండి. ఏటవాలు బండ మీద ఆరు మీటర్ల ఎత్తున, 250 టన్నుల దాకా ఉంటుందని చెప్పే గుండు అది. 1908లో మద్రాసు గవర్నరు ఏనుగులతో లాగించినా కదల్లేదని అంటారు. గుండు కింద నిలబడి ఫోటో దిగడం సరే, ఆ ఏటవాలు మీద జారుడుబండ ఆట మాత్రం వద్దు. లక్షల మంది జారి జారి అది అద్దంలా నునుపెక్కింది. పెద్దవాళ్లు పడితే తుంటి ఎముకకే దెబ్బ.

అక్కడి నుంచి గణేశ రథం (ఇక్కడ రథమంటే ఒకే రాతిలో చెక్కిన గుడి), తర్వాత వరాహ గుహ. ఈ గుహ పడమటి ముఖంగా ఉంటుంది, అందుకే సాయంత్రమే రావాలి. వాలుపొద్దు నేరుగా స్తంభాల మధ్య నుంచి లోపలికి పడి, భూదేవిని తొడ మీద కూర్చోబెట్టుకున్న వరాహస్వామి ముఖం తేటగా కనిపిస్తుంది. ఉదయం వస్తే అక్కడ నల్లటి గోడే.

తర్వాత రాయగోపురం. విజయనగర కాలంలో మొదలై ఆగిపోయిన పని, పునాది దిమ్మె, నిలువు రాళ్లు మాత్రమే మిగిలాయి. ఆపైన మహిషాసురమర్దిని గుహ. ఇందులో తొందరపడకండి. ఎదురెదురు గోడల మీద రెండు పెద్ద శిల్పాలు. ఒకవైపు సింహం మీద ముందుకు దూకుతున్న దుర్గ, వెనక్కి వంగి తప్పుకుంటున్న మహిషుడు. రెండోవైపు శేషుడి మీద పడుకున్న విష్ణువు. ఒక గోడంతా కదలిక, ఇంకో గోడంతా నిద్ర. మధ్యలో నిలబడి అటూ ఇటూ తల తిప్పి చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. టార్చిని నేరుగా శిల్పం మీద కొట్టకుండా పక్క నుంచి ఏటవాలుగా పట్టండి, నీడలు పడి చెక్కడం లోతు బయటపడుతుంది.

గుహ పైనే ఒలక్కణ్ణేశ్వర గుడి. కొత్త లైట్‌హౌసు కట్టకముందు దీపం పెట్టింది దీని మీదే. ఇప్పటి రాతి లైట్‌హౌసు 1904 నుంచి పనిచేస్తోంది. దానికి టికెట్టు వేరు, మెట్లు ఇరుకు. సాయంత్రం అయిదుకు ముందే చేరుకోండి. పైనుంచి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు బకింగ్‌హామ్ కాలువ, మధ్యలో ఈ సన్నటి ఊరు కనిపిస్తాయి. మర్నాడు ఏది ఎటుందో అప్పుడే గుర్తుపెట్టుకోవచ్చు.

దిగేటప్పుడు సగంలో ఆగిన గుహల గోడలు గమనించండి. రాతి మీద గళ్లు గళ్లుగా లోతు గాట్లు ఉంటాయి. ముందు గాట్లు తీసి, మధ్య మిగిలిన చదరపు దిమ్మెల్ని పగలగొట్టి, మళ్లీ లోపల గాట్లు తీసేవారు. మన కడప బండ పలకలుగా పొర లేస్తుంది, గ్రానైట్ అలా లేవదు. ప్రతి అంగుళమూ ఉలితో తవ్వుకుంటూ పోవాల్సిందే. ఇది ఒకసారి కళ్లతో చూస్తే మిగతా రెండు రోజులూ చూసేదంతా వేరుగా కనిపిస్తుంది.

రెండో రోజు ఉదయం: తీర గుడి, అర్జునుడి తపస్సు

పొద్దు పొడవడానికి పావుగంట ముందే ఇసుక మీద ఉండండి. జనవరిలో అది ఆరున్నర ప్రాంతం, ఏప్రిల్లో ఆరు లోపే. ఆరుకు తీర గుడి (షోర్ టెంపుల్) గేటు తెరుస్తారు. మనిషికి 40 రూపాయల టికెట్టు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. అదే టికెట్టు అదే రోజు పంచరథాల దగ్గర కూడా చెల్లుతుంది. పారేసుకోకండి, ఫోన్లో కొని ఉంటే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

తీర గుడిని పల్లవ రాజు రెండో నరసింహవర్మ, అంటే రాజసింహుడు, ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించాడు. తొలిచింది కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టింది. రెండు శిఖరాల కింద ఇద్దరు శివుళ్లు. పెద్ద గుడి తూర్పు ముఖం, చిన్నది పడమటి ముఖం. రెంటి మధ్యన పడుకున్న విష్ణువును చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. ఉప్పుగాలి శిల్పాల కళ్లూ ముక్కులూ తినేసింది. ఆ గాలిని ఆపడానికే చుట్టూ సరుగుడు చెట్లు, అలల్ని ఆపడానికే బండరాళ్ల కట్ట. ఉత్తరం వైపు పల్లంలో చిన్న గుండ్రటి గుడి, భూవరాహం ఉంటాయి. అవి ఇసుకలో పూడిపోయి 1990లో బయటపడ్డాయి.

టిఫిన్ చేసుకుని ఎనిమిదిన్నరకు అర్జునుడి తపస్సు దగ్గరికి రండి. పెద్ద బండ మీద చెక్కిన శిల్పం ఇది: 29 మీటర్ల పొడవు, 13 మీటర్ల ఎత్తు, తూర్పు ముఖం. పదింటి లోపు ఎండ దాని మీదే ఉంటుంది, తర్వాత నీడ కమ్మి చదునుగా కనిపిస్తుంది. ఒంటికాలి మీద చేతులెత్తి నిలబడ్డ బక్క తపస్విని అర్జునుడంటే కిరాతార్జునీయం, భగీరథుడంటే గంగావతరణం. పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. మధ్య చీలికలో నాగులున్నాయి, దాని పైన నీళ్ల తొట్టి ఆనవాళ్లున్నాయి. నీళ్లు వదిలితే అక్కడి నుంచి దిగేవన్నమాట. ఆ చీలికను చూస్తే భగీరథుడి వైపే మొగ్గాలనిపిస్తుంది.

పిల్లలకు ఇక్కడ ఒక పని అప్పజెప్పండి: రెండు కాళ్ల మీద నిలబడి చేతులెత్తి తపస్సు చేస్తున్న పిల్లినీ, దాని చుట్టూ చేరిన ఎలుకల్నీ వెతకమనండి. పెద్ద ఏనుగు దగ్గర, కింది భాగంలో దొరుకుతుంది. కాలి గిట్టతో ముక్కు గోక్కునే జింక ఎడమవైపు ఉంది, దాన్ని పట్టడం ఇంకా కష్టం. ఆనుకునే ఉన్న కృష్ణ మండపంలో గోవర్ధనం ఎత్తిన కృష్ణుడి కంటే పక్కన ఆవు పాలు పితికేవాడే బాగుంటాడు. దూడను నాకుతున్న ఆవు మెడ వంపు చూడండి.

దానికి దగ్గర్లోనే స్థలశయన పెరుమాళ్ కోవెల. నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి, నిత్యపూజ జరిగే గుడి. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దర్శనం ఇప్పుడే చేసుకోండి.

భోజనం, చేపలు

పదకొండు నుంచి మూడున్నర దాకా గదిలోనో, నీడలోనో ఉండండి. చేప తినేచోట ముందు పచ్చిచేప చూపించమనండి. కన్ను తేటగా, ఉబ్బుగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ధర పళ్లేనికా, కిలోకా అడిగి, కిలోకైతే మీ ముందే తూయించుకోండి. బిల్లు దగ్గర గొడవంతా ఇది అడగకపోవడం వల్లే. వంజరం అక్కడా వంజరమే, ముల్లు తక్కువ, పిల్లలకు మంచిది. మన నోటికి కారం చాలకపోతే వేపేటప్పుడే చెప్పండి, మీద చల్లిన కారం రుచి ఇవ్వదు.

సాయంత్రం: పంచరథాలు

నాలుగుకు చేరుకోండి. ఊరికి దక్షిణంగా కిలోమీటరున్నర ఉంటుంది, అద్దె సైకిలు చాలు. ద్రౌపది, అర్జున, భీమ, ధర్మరాజ రథాలు నాలుగూ వరసలో, నకుల సహదేవులది పక్కన. పేర్లు తర్వాతి జనం పెట్టినవే, పాండవులతో సంబంధం లేదు. వరసలోని రథాల ముఖాలు పడమరకు ఉంటాయి గనుక సాయంత్రపు ఎండ వాటి మీద పడుతుంది. ఉదయం చూసినవాళ్లకు ఇది దక్కదు.

ఒకే రాతి గుట్టను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ధర్మరాజ రథం దీనికి సాక్ష్యం: పై అంతస్తులు నగిషీతో నిండి ఉంటే, అడుగు స్తంభాలు మొరటుగా మిగిలాయి. ద్రౌపది రథం పూరిగుడిసె కప్పుతో ఉంటుంది. లోపల దుర్గ కాళ్ల దగ్గర ఒక భక్తుడు తన తల తానే కోసి ఇస్తున్నాడు, గుమ్మం నుంచి వంగి చూడండి. నకుల సహదేవ రథాన్ని వెనక నుంచి చూసి, పక్కనే ఉన్న రాతి ఏనుగు వెనక భాగం చూడండి. గజపృష్ఠం అంటే ఏమిటో ఏ పుస్తకమూ అంత తేలిగ్గా చెప్పలేదు. ఆరుకు ఈల వేసి పంపేస్తారు.

సముద్రంలో దిగే ముందు

మన ప్రాంతంలో పెన్నలోనో, బావిలోనో ఈత నేర్చినవాళ్లకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ. ఈత రానివాడు ఒడ్డునే ఉంటాడు, వచ్చినవాడు లోపలికి పోతాడు. బావి నీళ్లు నిలకడగా ఉంటాయి, ఏటి నీళ్లు ఒకవైపే పోతాయి. సముద్రం ముందుకు తోసి, వెనక్కి లాగి, పక్కకు ఈడుస్తుంది. మహాబలిపురం ఒడ్డు ఏటవాలు. నాలుగడుగులకే మోకాలి నుంచి నడుము దాకా వస్తుంది, అల విరిగేదీ అక్కడే.

ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోట సన్నటి పాయగా వెనక్కి పోవాలి. ఆ పాయే మనుషుల్ని లాగేస్తుంది. దిగే ముందు ఎత్తైన ఇసుక మీద పది నిమిషాలు నిలబడి చూడండి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట విరగకుండా, నల్లగా, నున్నగా కనిపిస్తుంది, నురుగు లోపలికి పోతుంటుంది. నిమ్మళంగా ఉందని పిల్లల్ని దింపేది సరిగ్గా అక్కడే. దింపకూడనిదీ అక్కడే.

లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోండి, చెయ్యెత్తి అరవండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటు ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకకండి. ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసరండి, జాలర్లను పిలవండి.

మోకాలి లోతు దాటకండి, అలకు వీపు చూపకండి, పిల్లల్ని వేలు కాదు మణికట్టు పట్టుకోండి. తీర గుడి బండల మీద ఎక్కకండి, పాచికి జారతాయి, అంటుకున్న గుల్లలు కోస్తాయి. మందు తాగినవాళ్లు ఇసుక మీదే కూర్చోవాలి. జెల్లీచేప తగిలితే ఇసుకతో రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడగండి, ఆయాసం వస్తే ఆసుపత్రికి పోండి.

నిజంగా స్నానం చేయాలంటే ఉత్తరాన ఉన్న కోవళం బీచికి పోండి. శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచిలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దానికి 2021లో వచ్చింది. అక్కడ ఈతకు హద్దులు గీసి ఉంటారు, కాపలా ఉంటుంది, బట్టలు మార్చుకునే గదులున్నాయి.

సర్ఫింగ్ నేర్చుకోవాలంటే కూడా కోవళమే. ముందురోజే ఫోన్ చేసి ఉదయం తొలి పాఠం అడగండి, గాలి లేచాక నీళ్లు కలకబారతాయి. ఈత రాకపోతే ముందే చెప్పండి. కొత్తవాళ్లకు ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు ఇస్తారు, చీలమండకు తాడు కడతారు. బోర్డు మీద మరీ ముందుకు పడుకుంటే ముక్కు నీళ్లలో గుచ్చుకుని బోల్తా కొడుతుంది, మరీ వెనక్కైతే అల మిమ్మల్ని వదిలేసి పోతుంది. లేచేటప్పుడు మోకాళ్ల మీద ఆగకుండా ఒక్కసారే లేవాలి, చూపు కాళ్ల మీద కాకుండా ఒడ్డు మీద ఉండాలి. పడితే పక్కకు, చదునుగా పడండి. పైకి రాగానే చేతులు తలకు అడ్డం పెట్టుకోండి, బోర్డు తాడుతో వెనక్కి వచ్చి తగిలేది అప్పుడే.

మూడో రోజు: దక్షిణమా, ఉత్తరమా

కోటలంటే ఇష్టమైనవాళ్లు దక్షిణం పట్టండి. కల్పాక్కం దగ్గర సద్రాస్‌లో డచ్చివాళ్ల ఇటుక కోట, చెక్కిన సమాధి రాళ్లు ఉన్నాయి. 1782 ఫిబ్రవరి 17న ఈ తీరానికి ఎదురుగానే ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలు తలపడ్డాయి. పక్కన అణు విద్యుత్ కేంద్రం ఉంది, అటువైపు కెమెరా తిప్పకండి. ఇంకా కిందికి పోతే ఆలంపరై కోట. 1750లో దక్కను సుబేదారు ముజఫర్ జంగ్ దీన్ని ఫ్రెంచి గవర్నరు డూప్లెకు ఇచ్చాడు. ఆ మరుసటి ఏడే ముజఫర్ జంగ్ మన రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె కనుమలో, కర్నూలు నవాబుతో జరిగిన పోరులో చచ్చాడు.

పిల్లలున్నవాళ్లు ఉత్తరం పట్టండి, తిరుగు దారి కూడా అదే. అయిదు కిలోమీటర్లకు సాళువన్‌కుప్పం పులిగుహ, దాని చుట్టూ పదకొండు యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) తలలు. ఆ దగ్గర్లోనే 2004 సునామీ ఇసుక కోసేసి శాసనం బయటపెట్టడంతో 2005లో తవ్వితీసిన పాత మురుగన్ గుడి ఉంది. పల్లవుల గుడి కింద అంతకన్నా పాత ఇటుక గుడి. తర్వాత 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ (పైన చెప్పిన మొసళ్ల పార్కు), ఆపైన ముట్టుకాడులో దక్షిణచిత్ర. అందులో తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయి. ఒంటిగంటకల్లా అక్కడ బయలుదేరితే కోడూరు అడవి మరీ రాత్రి కాకుండా దాటుతుంది.

రాతిబొమ్మ కొనేటప్పుడు

మహాబలిపురం రాతి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని దారి పక్కన అమ్మే చిన్న బొమ్మల్లో చాలావరకు బలపం రాయివే. మెత్తనిది కొనకూడదని కాదు, గ్రానైట్ ధర పెట్టకూడదు. అడుగు భాగంలో తాళంచెవితో గీయండి. తెల్లటి పొడి రాలితే బలపం రాయి. ముందు ఉలి చప్పుడు వినిపించే పనిశాలలకు పోయి ధరలు కనుక్కోండి, తర్వాతే బీచి అంగళ్లలో బేరం చేయండి. చెప్పినదాంట్లో సగం దగ్గర మొదలుపెట్టడం మామూలే. సన్నటి చేతులు, ఆయుధాలు శరీరం నుంచి విడిగా పొడుచుకొచ్చిన బొమ్మలు కారు కుదుపుకు విరుగుతాయి, ఒంటికి అంటుకుని చెక్కినవి తీసుకోండి. పాత తువ్వాలు చుట్టి, డిక్కీలో కాకుండా సీటు కింద నేల మీద పడుకోబెట్టండి. ఇంటికి చేరిన రోజే కారు అడుగుభాగం, చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగించండి, ఉప్పు నిలిస్తే తుప్పు మొదలవుతుంది.